పందికొక్కు, దేవాంగ పిల్లి, డీఎన్ఏ మారే వేగం: క్షీరదాల లైఫ్ హిస్టరీపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు జువాలజీ, బయోటెక్నాలజీ పీజీ చేస్తూ, క్షీరదాల లైఫ్ హిస్టరీకీ వాటి డీఎన్ఏ మారే వేగానికీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు పెట్టుకునే వాళ్ల కోసం రాసిన పేజీ ఇది. సిద్ధాంతం ముందుంటుంది, చేతిపని తర్వాత వస్తుంది. తొందరగా ఉన్నవాళ్లు నేరుగా డేటా ప్రశ్నల దగ్గరికి వెళ్లొచ్చు. చాలా ప్రాజెక్టులు చెడిపోయేది అక్కడే.

లైఫ్ హిస్టరీ అంటే లెక్కలోకి ఏమేం వస్తాయి?

ఆడది మొదటిసారి ఈనే వయసు, గర్భకాలం, ఒక ఈతకు పిల్లల సంఖ్య, ఏడాదికి ఎన్ని ఈతలు, గరిష్ఠ ఆయుష్షు, ఒంటి బరువు. వీటి నుంచి లెక్కకట్టేది తరం కాలం, అంటే పిల్లలు పుట్టేనాటికి తల్లిదండ్రుల సగటు వయసు.

బరువొక్కటే చూసి లైఫ్ హిస్టరీ తెలిసిపోయిందనుకోవద్దు. శనక్కాయ చేలల్లో బొరియలు తవ్వే చిన్న పందికొక్కు 200 నుంచి 400 గ్రాములు తూగుతుంది. శేషాచలం అడవుల్లో తిరిగే దేవాంగ పిల్లి కూడా దాదాపు అంతే, 300 గ్రాముల లోపు. పందికొక్కు మూడు వారాలకు కాస్త అటూఇటూగా ఈనుతుంది, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు మామూలే. దేవాంగ పిల్లి అయిదున్నర నెలలు మోసి ఒకటో రెండో కంటుంది. తూకంలో ఒకటే అయినా, కాలంతో వాటి లెక్క వేరు. బరువు మీద గీసిన గ్రాఫులో ఈ రెండూ ఒకే చోట పడతాయి, తరం కాలం మీద గీస్తే చెరో మూలకు పోతాయి.

మ్యుటేషన్ రేటు, సబ్‌స్టిట్యూషన్ రేటు రెండూ ఒకటేనా?

కావు. ఒక పిల్లలో కొత్తగా పుట్టిన మార్పు మ్యుటేషన్. అది తరతరాలుగా వ్యాపించి జాతి అంతటా స్థిరపడితే సబ్‌స్టిట్యూషన్. జీవికి లాభం గానీ నష్టం గానీ లేని మార్పుల విషయంలో ఈ రెండు రేట్లూ సమానమవుతాయని మోటూ కిమురా 1968లో చూపించారు. అందుకే ప్రొటీన్‌ను మార్చని సినానిమస్ మార్పులను మ్యుటేషన్ రేటుకు కొలమానంగా వాడతాం. ప్రొటీన్‌ను మార్చే వాటి మీద సహజవరణం చేయి పడుతుంది, కాబట్టి వాటి వేగం వెనక జనాభా పరిమాణం కూడా ఉంటుంది. లైఫ్ హిస్టరీ ఈ రెండు దార్లలోనూ పనిచేస్తుంది. రెంటినీ కలిపి ఒకే సంఖ్యగా కొలిస్తే ఏ దారి ఎంతో తెలియదు.

తరం కాలం చిన్నదైతే వేగం ఎందుకు పెరుగుతుంది?

బీజకణాల డీఎన్ఏ ప్రతి తరంలో కొన్నిసార్లు నకలవుతుంది, నకలైన ప్రతిసారీ కొన్ని తప్పులు దొర్లుతాయి. ఏడాదిలో ఎక్కువ తరాలు గడిస్తే ఏడాదికి ఎక్కువ తప్పులు పోగవుతాయి.

లెక్క వేసి చూద్దాం. మనిషిలో ఒక తరానికి 100 కోట్ల బేస్‌లకు సుమారు 12 కొత్త మ్యుటేషన్లు. రెండు సెట్ల జీనోమ్ కలిపి 600 కోట్ల బేస్‌లు కాబట్టి ఒక్కో బిడ్డలో 70 దాకా కొత్తవి ఉంటాయి. చిట్టెలుకలో ఒక తరానికి 100 కోట్లకు సుమారు 5.4, అంటే మనిషిలో సగం కూడా లేదు. ఇప్పుడు ఏడాదికి మార్చండి. మనిషి తరం 28 ఏళ్లనుకుంటే ఏడాదికి 0.43. చిట్టెలుకకు ఏడాదికి రెండు తరాలనుకుంటే 10.8. తరానికి తక్కువగా ఉన్న ఎలుక, ఏడాదికి వచ్చేసరికి 25 రెట్లు పైకి పోయింది.

మరి జీనోమ్‌లు పోల్చినప్పుడు 25 రెట్ల తేడా ఎందుకు కనిపించదు?

చాలామంది ఆగిపోయే చోటు ఇదే. 2002లో చిట్టెలుక జీనోమ్ ప్రచురించినప్పుడు, ఉమ్మడి పూర్వీకుడి నుంచి ఎలుక వైపు జరిగిన మార్పులు మనిషి వైపు జరిగిన వాటికి దాదాపు రెండింతలే అని తేలింది. దీనికి ముఖ్య కారణం, వంశవృక్షంలో మనిషి వైపు కొమ్మ మొత్తం మనుషులతో నిండిలేదు. ఆ కొమ్మలో ఎక్కువ భాగం చిన్న ఒళ్లు, పొట్టి తరాలు ఉన్న జీవులదే. మన తరం కాలం సాగింది చివరి భాగంలోనే. కొమ్మ పొడవు అన్నది దాని మీద నడిచిన జీవులన్నింటి సగటు. కొమ్మ చివర ఉన్న నేటి జాతి లక్షణం ఆ సగటుకు ప్రతినిధి కాదు. కొమ్మ ఎంత పొడవైతే ఈ పొరపాటు అంత పెద్దది. దగ్గరి బంధువుల జతలను పోల్చమని తర్వాత చెప్పబోయేది ఇందుకే.

తండ్రి వయసుకు ఇందులో పాత్ర ఉందా?

ఉంది. అండకణాల విభజన ఆడపిల్ల పుట్టకముందే దాదాపు పూర్తవుతుంది. వీర్యకణాల మూలకణాలు మాత్రం యుక్తవయసు నుంచి విభజన చెందుతూనే ఉంటాయి. ఐస్‌లాండ్ కుటుంబాల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు 2 మ్యుటేషన్లు ఎక్కువ కనిపించాయి. మనిషిలో కొత్త మ్యుటేషన్లలో ముప్పావు వంతుకు పైగా తండ్రి నుంచి వచ్చేవే. కాబట్టి తరం కాలం పెరిగితే తరానికి మ్యుటేషన్లు కూడా పెరుగుతాయి, పొట్టి తరాల లాభాన్ని అది కొంత తినేస్తుంది. పై లెక్కలో మనిషికి 12, ఎలుకకు 5.4 వచ్చిన తేడాలో దీనికీ వాటా ఉంది.

ఇంకో మెలిక సీపీజీ స్థానాలది, అంటే డీఎన్ఏలో సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే చోట్లది. అక్కడి మిథైల్ తగిలిన సైటోసిన్, కణం విభజన చెందకపోయినా, కాలం గడిచేకొద్దీ థైమిన్‌గా మారిపోతుంటుంది. అందుకని ఈ స్థానాల్లో తరం కాలం ప్రభావం మిగతా వాటికంటే తక్కువ. సీపీజీలను వేరుచేసి ఒకసారి, కలిపి ఒకసారి లెక్క కట్టండి. రెండు ఫలితాలూ వేరుగా వస్తే తప్పు జరిగిందని కంగారుపడకండి, అలా రావడమే సహజం.

ఆయుష్షు సంగతేమిటి?

మైటోకాండ్రియా డీఎన్ఏలో ఆయుష్షుదే పెద్ద పేరు. సైటోక్రోమ్ బీ జన్యువులో కోడాన్ల (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు బేస్‌ల గుంపుల) మూడో స్థానాలను వెయ్యికి పైగా క్షీరద జాతుల్లో పోల్చిన 2008 నాటి పనిలో, జాతుల మధ్య రేటు తేడా వంద రెట్ల దాకా వచ్చింది. ఎక్కువకాలం బతికే వాటిలో రేటు తక్కువ. దీనికి ఇచ్చే వివరణ ఇది: ఏళ్ల తరబడి బతకాల్సిన జంతువులో మైటోకాండ్రియా దెబ్బతింటే నష్టం ఎక్కువ, కాబట్టి తప్పులు తగ్గించే మరమ్మతు యంత్రాంగాన్ని సహజవరణం పదును పెడుతుంది.

శరీర కణాల్లోనూ ఇదే పోకడ. 2022లో 16 క్షీరద జాతుల పెద్దపేగు కణాలను సీక్వెన్స్ చేస్తే చిట్టెలుకలో ఏడాదికి దాదాపు 800 మ్యుటేషన్లు, మనిషిలో 47 వచ్చాయి. ఆ జాతుల ఆయుష్షులో తేడా 30 రెట్లు ఉన్నా, జీవితం చివరికి పోగయ్యే మొత్తంలో తేడా మాత్రం మూడు రెట్లే. ఆ జాబితాలో అందం ఏమిటంటే, పిడికెడంత నేకెడ్ మోల్ ర్యాట్, జిరాఫీ దాదాపు ఒకే రేటు చూపించాయి. ఒంటి సైజు కంటే ఆయుష్షే బాగా సరిపోయింది. అయితే ఇవి శరీర కణాల మ్యుటేషన్లు, పిల్లలకు చేరవు. వీటిని తెచ్చి సబ్‌స్టిట్యూషన్ రేటు పట్టికలో కలపకండి.

జీవక్రియ వేగమే అసలు కారణం అని పాఠ్యపుస్తకంలో ఉంది. నిజమేనా?

చిన్న జంతువులు గ్రాముకు ఎక్కువ ఆక్సిజన్ వాడతాయి, ఆక్సిజన్ రాడికల్స్ డీఎన్ఏను కొరుకుతాయి అన్న వాదన 1990లలో బాగా నడిచింది. బంధుత్వాన్ని, ఒంటి బరువును లెక్కలోకి తీసుకుని 2007లో మళ్లీ చూస్తే ఆధారం నిలవలేదు. గబ్బిలాలే చూడండి: ఎగరడానికి విపరీతంగా శక్తి ఖర్చు చేస్తాయి, అయినా దీర్ఘాయుష్కులు. ఏడెనిమిది గ్రాముల బ్రాంట్ గబ్బిలం 41 ఏళ్లు బతికిన దాఖలా ఉంది. జీవక్రియను పరీక్షించకుండా వదిలేయమని కాదు, దాంతో మొదలుపెట్టొద్దు.

పెద్ద జంతువుల్లో డీఎన్/డీఎస్ ఎక్కువ అంటారు. అవి వేగంగా పరిణామం చెందుతున్నట్టా?

ఈ అపార్థం చాలా సాధారణం. డీఎన్ అంటే ప్రొటీన్‌ను మార్చే మార్పుల రేటు, డీఎస్ మార్చని వాటి రేటు. పెద్ద జంతువుల జనాభా చిన్నది. చిన్న జనాభాలో కొద్దిపాటి హాని చేసే మార్పులను సహజవరణం ఏరిపారేయలేదు, అదృష్టం కొద్దీ అవీ స్థిరపడతాయి. టొమోకో ఓటా 1973లో చెప్పింది ఇదే. 2005లో చింపాంజీ జీనోమ్‌తో వచ్చిన పోలికలో ఎలుకల వైపు డీఎన్/డీఎస్ 0.13, మనిషి–చింపాంజీ వైపు 0.20. అంటే డీఎస్ తక్కువగా ఉండే వాటిలో నిష్పత్తి ఎక్కువగా ఉండొచ్చు. నిష్పత్తి పెరగ్గానే 'అనుకూలన' అని రాసేయకండి. విడిగా డీఎన్, విడిగా డీఎస్, ఆ తర్వాత నిష్పత్తి, మూడూ పట్టికలో చూపించండి.

గొర్రె–మేక జత తీసుకోవచ్చా? మాకు దగ్గరగా దొరికేవి అవే.

దొరుకుతాయి, పనికిరావు. రెండింటి గర్భకాలమూ 150 రోజులే, ఈనే వయసూ దగ్గరదగ్గరే. లైఫ్ హిస్టరీలో తేడా లేని జతలో రేటు తేడా వచ్చినా అది దేనివల్లో చెప్పలేం. పైగా పెంపుడు జంతువుల్లో ఏ పొట్టేలును మందలో ఉంచాలో, ఎన్నేళ్లకు ఈతకు తోలాలో మనిషి నిర్ణయిస్తాడు. జనాభా ఇరుకు దారిలోంచి వచ్చి ఉంటుంది. కుక్కల మైటోకాండ్రియాలో ప్రొటీన్ మార్చే మార్పులు తోడేళ్లకంటే ఎక్కువ పోగయ్యాయని 2006లోనే తేలింది. అడవి జాతులే తీసుకోండి. ఒకే కుటుంబంలో ఉండి లైఫ్ హిస్టరీలో తేడా ఉన్న జత మేలు. దక్షిణ అమెరికా గినీ పిగ్ జాతులు, వాటి కుటుంబంలోదే అయిన కాపిబారా మంచి ఉదాహరణ.

లైఫ్ హిస్టరీ డేటా ఎక్కడ తీసుకోవాలి? ఏం తప్పులు జరుగుతాయి?

పాంథీరియా, ఆన్ఏజ్ అనే రెండు ఉచిత డేటాబేస్‌లు చాలు. కానీ కింది నాలుగూ చూసుకోకుండా ముందుకెళ్లొద్దు.

పాంథీరియాలో లేని విలువ చోట −999 ఉంటుంది. దాన్ని ఖాళీగా మార్చకుండా సగటు తీస్తే గర్భకాలం మైనస్‌లో వస్తుంది. లాగ్ తీస్తే ఆ వరుసలు ఒక హెచ్చరికతో సరిపెట్టి జారిపోతాయి, ఎన్ని జాతులు పోయాయో మీకే తెలియదు.

గరిష్ఠ ఆయుష్షు పాంథీరియాలో నెలల్లో, ఆన్ఏజ్‌లో ఏళ్లలో ఉంటుంది. రెండు ఫైళ్లు అతికించాక 12 రెట్ల తేడాతో ఒక గుంపు పక్కకు పోయి కనిపిస్తే ముందు యూనిట్లు చూడండి.

పేర్లు. మన ఊళ్లలో మర్రిచెట్ల మీద వేలాడే పెద్ద గబ్బిలం పాత జాబితాల్లో టెరోపస్ జైగాంటియస్, కొత్త వాటిలో టెరోపస్ మీడియస్. వంశవృక్షంలో ఒక పేరు, పట్టికలో ఇంకో పేరు ఉంటే ప్రోగ్రామ్ ఆ జాతిని వదిలేసి ముందుకెళ్తుంది. జత కుదరని పేర్ల జాబితా తీసి చేత్తో సరిచేయండి.

ఆయుష్షు రికార్డులు జూల నుంచి వచ్చేవి. ఎన్ని ఎక్కువ జంతువులను పెంచితే రికార్డు అంత పెద్దదవుతుంది. ఆన్ఏజ్‌లో శాంపిల్ సైజు, డేటా నాణ్యత అనే గడులు ఉన్నాయి, నాణ్యత తక్కువన్నవి తీసేసి కూడా ఒకసారి నడపండి. మొదటి ఈత వయసు ఈ జబ్బుకు అంతగా లొంగదు.

తరం కాలం నేరుగా దొరక్కపోతే, పునరుత్పత్తి చేసే ఏళ్ల సంఖ్యను 0.29తో గుణించి మొదటి ఈత వయసు కలపండి. క్షీరదాలకు వాడుకలో ఉన్న సూత్రం ఇది. మూడేళ్లకు మొదలై 13 ఏళ్ల దాకా ఈనే జంతువుకు 10 × 0.29 + 3, అంటే 5.9 ఏళ్లు.

కాలం తెలియకుండా రెండు జాతుల రేట్లు ఎలా పోలుస్తారు?

జతలోని రెండు జాతులు విడిపోయిన నాటి నుంచి రెంటికీ గడిచిన కాలం ఒకటే. కాబట్టి కాలం అక్కర్లేదు, మూడో జాతి ఒకటి బయటిది కావాలి. అ–ఆ జతకు ఇ బయటి జాతి అనుకోండి. అ–ఆ దూరం 0.30, అ–ఇ 0.55, ఆ–ఇ 0.45. అ కొమ్మ పొడవు = (0.30 + 0.55 − 0.45) ÷ 2 = 0.20. మిగిలిన 0.10 'ఆ' జాతి కొమ్మది. అంటే 'అ' జాతి రెండింతలు వేగం.

బయటి జాతి మరీ దూరంగా ఉంటే ఒకే స్థానం పలుమార్లు మారి పాత జాడలు చెరిగిపోతాయి. డీఎస్ 2 దాటిన జతలను పక్కన పెట్టండి. జత మరీ దగ్గరగా ఉన్నా చిక్కే: 1,140 బేస్‌ల సైటోక్రోమ్ బీలో నాలుగు మార్పులకు, ఏడు మార్పులకు మధ్య తేడా వట్టి అదృష్టం కావచ్చు.

ఎన్ని జతలు కావాలి?

ఎన్ని జతలు ఒకే దిశలో ఉన్నాయో మాత్రమే చూసే సైన్ టెస్ట్‌తో మొదలుపెడితే లెక్క తేలిక. 10 జతల్లో 9 ఒకే దిశలో ఉంటే పీ విలువ 0.02. ఎనిమిదే ఉంటే 0.11, నిరూపణ కాదు. కాబట్టి 10 జతలంటే అంచు మీద నడవడమే. ఒక జత కొమ్మలు మరో జత కొమ్మల మీదుగా పోకూడదు.

అన్ని జాతులూ వేసి మామూలు రిగ్రెషన్ చేస్తే ఏమవుతుంది?

ఆర్-స్క్వేర్ కళ్లు చెదిరేలా వస్తుంది, అర్థం ఉండదు. 40 ఎలుక జాతులు వేగంగా, 10 తిమింగలాలు నెమ్మదిగా ఉంటే మీ దగ్గర ఉన్నది 50 సాక్ష్యాలు కాదు, రెండు గుంపులు. జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1985లో ఈ చిక్కుకు ఇండిపెండెంట్ కాంట్రాస్ట్స్ పద్ధతి ఇచ్చారు. ఇప్పుడు ఆర్ అనే గణాంక ప్రోగ్రామ్‌లో కేపర్ ప్యాకేజీతో పీజీఎల్ఎస్ (జాతుల బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్) చేస్తే సరిపోతుంది. రేటు, బరువు, తరం కాలం, ఆయుష్షు అన్నింటికీ లాగ్ తీయండి. బంధుత్వ ప్రభావం ఎంతో చెప్పే లాంబ్డాను ప్రోగ్రామే అంచనా వేసేలా వదలండి.

బరువు, తరం కాలం, ఆయుష్షు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. మూడూ ఒకే మోడల్‌లో పెడితే గుణకాల గుర్తులు తలకిందులవుతాయి. దాన్ని విడగొట్టాలంటే ఎక్కువ జాతులు చేర్చడం కంటే సరైన జాతులు చేర్చడం ముఖ్యం: గబ్బిలాలు, నేకెడ్ మోల్ ర్యాట్, దేవాంగ పిల్లి లాంటి చిన్న ఒళ్లు, నెమ్మది జీవితాలు. మన ప్రాంతపు జంతువుల జాబితాకు ఇక్కడ నిజంగా విలువుంది.

డీఎన్, డీఎస్ లెక్కకట్టే కోడ్‌ఎంఎల్ ప్రోగ్రామ్‌లో ఫలితాలు వింతగా వస్తున్నాయి. ఎందుకు?

ముందు జెనెటిక్ కోడ్ చూడండి. మైటోకాండ్రియా జన్యువులకు సెట్టింగుల్లో ఐకోడ్ = 1 పెట్టాలి. 0గా వదిలేస్తే ట్రిప్టోఫాన్ కావాల్సిన టీజీఏను ప్రోగ్రామ్ స్టాప్ అనుకుంటుంది. తర్వాత అలైన్‌మెంట్: కోడాన్ల హద్దు ఒక్క బేస్ జరిగినా డీఎన్ ఆకాశానికంటుతుంది. ముందు ప్రొటీన్‌గా అలైన్ చేసి, దాని ప్రకారం డీఎన్ఏను పేర్చండి. ఒక కొమ్మలో డీఎన్/డీఎస్ 999 వస్తే అక్కడ డీఎస్ సున్నా అని అర్థం, అది ఆవిష్కరణ కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఒక జాతి మాత్రం తేడాగా ఉంటే, అది న్యూక్లియస్‌లోకి వలసపోయిన మైటోకాండ్రియా నకలు అయ్యుండొచ్చు. పిల్లి జీనోమ్‌లో ఇలాంటి ముక్క దాదాపు 8,000 బేస్‌ల పొడవుంది. సీక్వెన్స్ మధ్యలో స్టాప్ కోడాన్ కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

బిల్లసర్గం గుహల ఎముకలతో కాలాన్ని క్రమాంకనం (క్యాలిబ్రేట్) చేయొచ్చా?

ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల దగ్గరి ఆ గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు 1880లలో తవ్వారు. దొరికిన క్షీరదాల ఎముకలను వర్ణించింది రిచర్డ్ లైడెక్కర్. మన దేవాంగ పిల్లి శాస్త్రీయ నామంలో ఉన్న లైడెక్కరియానస్ ఆయన పేరు మీదే. చరిత్ర గొప్పదే గానీ ఈ పనికి ఆ ఎముకలు మరీ కొత్తవి. మంచుయుగాల కాలమైన ప్లీస్టోసీన్ చివరి నాటికి నేటి ప్రజాతులన్నీ ఎప్పుడో విడిపోయాయి. చిట్టెలుక–ఎలుక విడిపోవడానికి వాడే సుమారు 1.2 కోట్ల ఏళ్ల అంకె, పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో దొరికిన శివాలిక్ శిలాజాల నుంచి వచ్చింది. ఏ శిలాజమైనా ఇచ్చేది కనీస వయసే, దాన్ని ఖచ్చితమైన తేదీగా మోడల్‌లో బిగించకండి. జతల పద్ధతిలో వెళ్తే ఈ తలనొప్పే లేదు.

శాంపిళ్లు మేమే సేకరించొచ్చా?

దేవాంగ పిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది. అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం. దానికి జెన్‌బ్యాంక్‌లో ఉన్న సీక్వెన్స్‌లే వాడండి.

పొలాల్లో రైతులు పట్టి చంపిన పందికొక్కుల నుంచి తోక చివర అర సెంటీమీటరు చాలు. అయినా మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి ముందే రాయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకే భయం ఉంది. ముక్కకు కనీసం అయిదింతలు 95 శాతం ఇథనాల్ పోసి, మర్నాడు పాతది పారబోసి కొత్తది పోయండి. ముక్కలోని నీరు మొదటి ఇథనాల్‌ను పలచన చేస్తుంది. ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ ముక్కలైపోతుంది. అనంతపురం ఎండల్లో మామూలు మూత ట్యూబుల నుంచి ఇథనాల్ వారంలోనే తగ్గిపోతుంది. రబ్బరు రింగున్న మరమూత ట్యూబులు తీసుకోండి. పేరు, తేదీ, ఊరు పెన్సిల్‌తో చీటీ మీద రాసి లోపల వేయండి. బయట మార్కర్‌తో రాస్తే ఇథనాల్ ఒక్క చుక్క కారినా చెరిగిపోతుంది.